నీలం నీళ్ళలో తేలిన చుక్క

చిన్నవెంకటమ్మ నోట మెచ్చుకోలు విన్నవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. వాన పడితే బురదను తిట్టేది, పడకపోతే మబ్బును తిట్టేది. శ్రీనివాసపురం మార్కెట్లో తమ తోట మామిడికాయలకు మంచి ధర పలికిన ఏడు కూడా, "కొన్నోనికి కండ్లు సరిగ్గా కనపడవేమో పాపం" అంటూ ఇంటికి వచ్చింది. మహిళా పాల సంఘంలో పాలు పరీక్ష చేసే పనిని ఊరి ఆడవాళ్ళంతా కలిసి ఆమెకే అప్పగించారంటే అందుకే. నోట్లో చక్కెర ఉన్న మనిషి ఆ పనికి పనికిరాదు.

పొద్దునా సాయంత్రమూ ఆడవాళ్ళు వరసగా నిలబడితే, ఆమె ఒక్కొక్కరి పాలనూ పొడుగాటి గిన్నెలో పోసి అందులో లాక్టోమీటరును వదిలేది. అదొక గాజు బుడ్డి. పాలు చిక్కగా ఉంటే తేలి నిలబడుతుంది. నీళ్ళు కలిస్తే లోపలికి దిగిపోతుంది. పాలలో వెన్న ఎంతో చూసే కరెంటు మిషను కూడా ఉంది గానీ ఆమె దాన్ని నమ్మేది కాదు. కరెంటు పోతే నోరు మూసుకునేదాని మాట ఏం మాట?

"గాజు అబద్ధం చెప్పదు" అనేది. "దానికి చుట్టాలు లేరు, మొహమాటం లేదు."

ఆ గాజే ఒక ఎండాకాలం గురువమ్మ తెచ్చిన పాలలో మెడ దాకా మునిగిపోయింది. గురువమ్మది వెనక వీధి, రెండు సీమావులు. చిన్నవెంకటమ్మ గిన్నెను వరసలో అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"కొలత నిండుగా ఉండాది. పస యాడ ఉండాదే గురువమ్మా? పాలు ఆవు ఇచ్చిందా, బోరు ఇచ్చిందా?"

"ఆవు నీళ్ళు ఎక్కువ తాగిందక్కా" అని గొణిగింది గురువమ్మ.

"అయితే రేపటి నుంచి ఆవును వదిలిపెట్టి బోరుకే తవుడు పెట్టు."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ మాట పక్క ఊరి డైరీ దాకా పోయింది. గురువమ్మ క్యాను ఎత్తుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎదురుపడినప్పుడల్లా ఆమె మొహం తిప్పుకునేది కాదు, నిదానంగా చూసేది. తిప్పుకుని ఉంటేనే చిన్నవెంకటమ్మకు బాగుండేది.

ఈ ఏడు మామిడి పిందె పట్టే వేళకు చిన్నవెంకటమ్మకు ఆయాసం పట్టుకుంది. ఇంటి నుంచి డైరీకి చిన్న మిట్ట ఎక్కాలి. చంకలో క్యాను పెట్టుకుని, దారిలో ఇద్దరిని తిట్టి, ముగ్గురికి బుద్ధి చెప్పి ఎక్కేసే మిట్ట అది. ఇప్పుడు సగంలోనే కాళ్ళు గుంజల్లా బిగుసుకుపోతున్నాయి, గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకుంటోంది. ఆగక తప్పదు. ఊరికే ఆగితే జనం చూస్తారు. అందుకని హనుమంతప్ప అంగడి ముందర నిలబడి అతని టమోటాలను తిట్టేది.

"ఏమి హనుమంతప్పా, ఇవి టమోటాలా, గోలీలా? వీటిని కొనేదానికి మనుషులు యాడనుంచి తెస్తావు?"

హనుమంతప్ప మొదట్లో జవాబు చెప్పేవాడు. రోజూ పొద్దున అదే చోట, అంతసేపు తన టమోటాలే ఎందుకు తిట్లు తింటున్నాయో అతనికి అర్థం కాలేదు. ఊపిరి చక్కబడగానే ఆమె క్యాను ఎత్తుకుని పోయేది.

ఆమె మొహం కూడా మారింది. నల్లగా నిగనిగలాడే మనిషి మెల్లగా పాలిపోతూ వచ్చింది. డైరీ దగ్గర ఆడవాళ్ళు "ఈ మధ్య తెల్లబడినావక్కా" అన్నారు. ఆమె ఒప్పేసుకుంది. "మనసులో కుళ్ళు లేకుంటే ఎవరైనా తెల్లబడతారు" అన్నది. సున్నం కొట్టిన గోడ కూడా తెల్లగానే ఉంటుందని చెప్పే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

అసలు సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. తన ఈడు ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోతున్న వయసులో ఆమెకు అది ఆగకపోగా, తెగిన కాలువలా పోతోంది. పాతచీరల మూట అటక మీద నుంచి కిందికి దిగి చాలాకాలమైంది. ఆ సంగతి మొగుడు ఆంజినప్పకు చెప్పేది కాదు, కొడుక్కు చెప్పేది అసలే కాదు. ఒంటి సంగతి చెప్పుకుని అయ్యో అనిపించుకోవడం ఆమె దృష్టిలో పాలలో నీళ్ళు కలపడం కన్నా హీనం.

ఇంట్లోవాళ్ళు ఆ మాత్రం గమనించలేదా అంటే, వాళ్ళకు గమనించవలసిన అవసరం లేకుండా ఒక మిషను ఉంది.

కొడుకు గిరీశ్ వేమగల్‌లో ఫ్యాక్టరీకి పోతాడు. కోవిడ్ నాడు వేలికి తగిలించి నెత్తుట్లో ఆక్సిజను చూసే చిన్న క్లిప్పు ఒకటి తెచ్చాడు. ఊళ్ళో మిగతావాళ్ళంతా కోవిడ్ పోగానే అలాంటివి పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేశారు. గిరీశ్ మాత్రం దాన్ని దేవుని గూట్లో, వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టాడు. ప్రతి ఆదివారం తలస్నానం చేసి ఇంటిల్లిపాదికీ వేలికి తగిలించి, వచ్చిన అంకెను గట్టిగా చదివేవాడు. ఆంజినప్పకు తొంభై ఆరు. బీడీ మహిమ. గిరీశ్‌కు తొంభై ఏడు. చిన్నవెంకటమ్మకు ఎప్పుడు పెట్టినా తొంభై తొమ్మిది.

పాల మిషనును నమ్మని మనిషి ఈ మిషనును ఎలా నమ్మిందని అడగకూడదు. తనను మెచ్చుకునే మిషనును నమ్మనివాళ్ళు లోకంలో తక్కువ.

"చూసినావా గిరీ? నువ్వు పదో తరగతి లెక్కల్లో ముప్పై అయిదుకు ముక్కి మూలిగితివి. బడి మొహం చూడని మీయమ్మకు తొంభై తొమ్మిది."

"అమ్మకేమి, ఇనుము" అనేవాడు గిరీశ్. ఆ మాట ఎంత తప్పో అతనికి తెలియదు. ఆమె ఒంట్లో లేనిదల్లా అదే.

కోడలు నయనది ఆండర్సన్‌పేట. తాత బంగారు గనిలో పనిచేసినవాడు. వాళ్ళ వంశంలో మొదటి డిగ్రీ ఆమెదే, బి.ఎస్సీ. శ్రీనివాసపురంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది. ఒక ఆదివారం ఆమె మొగుడి భుజం మీద నుంచి క్లిప్పును వంగి చూసింది.

"అత్తా, కింద ఇంకొక నంబరు ఉండాది చూడండి. నూట పద్దెనిమిది."

"నూటికి నూట పద్దెనిమిదా!" చిన్నవెంకటమ్మ మొహం వెలిగిపోయింది. "ఇంగా మేలు. ఏమప్పా, విన్నావా? నీ ఒంట్లో బీడీ పొగకు అవి కూడా దండగే."

"అది మార్కులు కాదత్తా, నాడి. నిమిషానికి గుండె అన్ని సార్లు కొట్టుకుంటా ఉండాది. ఊరికే కూర్చున్న మనిషికి అంత ఉండకూడదు."

"పైదే ముఖ్యం నయనా" అన్నాడు గిరీశ్. "పైది ఆక్సిజను. తొంభై అయిదు దాటితే భయం లేదని మా సేఫ్టీ ఆఫీసరే చెప్పినాడు."

"ఆయన కోవిడ్‌కు చెప్పినాడు."

"రోగమేదైనా ఆక్సిజను ఆక్సిజనే గదా?"

నయన ఇంకేదో అనబోయింది. అత్త అప్పటికే వేలు విడిపించుకుని లేచింది. లేచిన మనిషి గోడ పట్టుకుని ఒక్క క్షణం నిలబడటం నయన చూసింది. "ఈ గోడకు పగులు వచ్చిండాది, మీ కండ్లకు కనపడదా?" అన్నది చిన్నవెంకటమ్మ. గోడకు పగులేమీ లేదు.

ఆ సాయంత్రం నయన వంటింట్లోకి వెళ్ళేసరికి అత్త బియ్యం డబ్బా దగ్గర కూర్చుని పచ్చి బియ్యం గుప్పెడు నోట్లో వేసుకుని నములుతోంది.

"ఎన్ని దినాల నుంచి అత్తా ఈ అలవాటు?"

"మా బియ్యం, మా పండ్లు. నీకేమి నొప్పి?"

నయన ఎదురుగా కూర్చుంది. "ఒంట్లో ఇనుము తక్కువైతే ఇట్లా బియ్యము, మన్ను, బలపాలు తినాలనిపిస్తాది. మీకు నెత్తురు తక్కువగా ఉండాదత్తా."

"తొంభై తొమ్మిది ఉండాది."

"ఎట్లా చెప్పేది మీకు? మన పాల వ్యాను ఉండాది గదా..."

"వ్యానుకేమి, డ్రైవరు తాగుబోతు."

"డ్రైవరును వదిలేయండి. మన ఊపిరితిత్తులు డైరీ అనుకోండి. పీల్చే గాలిలో ఉండే ఆక్సిజను పాలు. నెత్తుట్లో ఎర్రకణాలు ఉంటాయి, అవి క్యాన్లు. ఇనుము లేకుంటే ఆ క్యాన్లు తయారు కావు. గుండె వ్యానుకు ఇంజను. డైరీలో క్యాన్లు నింపుకుని వ్యాను ఒళ్ళంతా తిరుగుతాది. తలకాయకు ఇంత, కాళ్ళకు ఇంత, చేతులకు ఇంత, అందరూ పాలు దించుకుంటారు. ఖాళీ క్యాన్లు గుండెకు తిరిగొస్తాయి. గుండె వాటిని మళ్ళా డైరీకి తోలుతాది. నిద్దరలో కూడా ఈ తిరుగుడు నిలవదు."

"ఆదివారం కూడా రజా లేదా?"

"సెలవే లేదత్తా."

"అయితే గుండె ఆడదే" అన్నది చిన్నవెంకటమ్మ. "మీ మామ మాదిరి మగోడైతే మధ్యాహ్నానికే అరుగు మీద పండుకుని ఉండును."

నయన నవ్వలేదు. "మీ కొడుకు మిషను ఏమి చూస్తాది? పోతా ఉండే క్యాన్లలో నూటికి ఎన్ని నిండుగా ఉండాయని చూస్తాది. మీవి తొంభై తొమ్మిది నిండుగానే ఉండాయి, నిజమే. కానీ మొత్తం ఎన్ని క్యాన్లు పోతా ఉండాయని అది చూడదు. వంద పోవాల్సిన చోట నలభై పోతా ఉంటే? ఆ నలభై నిండుగానే ఉంటాయి. మిషను శభాష్ అంటాది. కాళ్ళకు మాత్రం పాలు చాలవు. అందుకని ఇంజను ఉండే క్యాన్లతోనే ట్రిప్పుల మీద ట్రిప్పులు కొట్టాల. అదే కింద కనిపించే నూట పద్దెనిమిది."

చిన్నవెంకటమ్మ నమలడం ఆపింది. క్యాన్ల లెక్క ఆమెకు తెలియనిది కాదు. వ్యానులో ఎక్కినవన్నీ నిండు క్యాన్లే అని చెప్పి, తక్కువ క్యాన్లు ఎక్కించే ఊళ్ళ సంగతి ఆమె ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో. అయినా కోడలి దగ్గర ఒప్పుకోవడమా?

"నీకు బి.ఎస్సీ. ఇచ్చినోడు ముందు పాలమ్మి ఉంటాడు."

"మా తాతకు గనిలో రాతిదుమ్ము పీల్చి పీల్చి డైరీనే పాడైపోయిండె" అన్నది నయన. "క్యాన్లకు లోటు లేదు, నింపేదానికి దారి లేదు. మిషను పెడితే ఎనభై చూపించేది. ఇంట్లో అందరమూ భయపడి పరుగెత్తినాము. మీకు డైరీ బాగుండాది, క్యాన్లు లేవు. అందుకే ఎవరికీ భయం పుట్టలేదు." గొంతు తగ్గించింది. "నెల నెలా ఎక్కువగా పోతా ఉండాదా అత్తా?"

చిన్నవెంకటమ్మ డబ్బా మూత టప్పుమని వేసింది.

"గని ఊరోళ్ళకు తవ్వేదే పని. నన్ను తవ్వద్దు."

"ఒక్క చుక్క నెత్తురు పరీక్ష చేయిస్తే తెలిసిపోతాది. ఒకే ఒక్క చుక్క."

"నా చుక్క నేను ఎవరికీ ఇచ్చేది లేదు."

ఆ మాట మీద ఆమె నిలబడి ఉండేదే, గురువమ్మ లేకపోతే.

పాల సంఘం వార్షికోత్సవం మరుసటి నెల ఒక ఆదివారం వచ్చింది. సంఘం అధ్యక్షురాలు జయలక్ష్మమ్మకు ఫోటోల పిచ్చి. కోలారు నుంచి రక్తనిధి వాళ్ళను పిలిపించి డైరీ హాల్లో రక్తదాన శిబిరం పెట్టించింది. మంచాలు వేశారు, అరటిపండ్లు తెచ్చారు. మగవాళ్ళు కొందరు ఇచ్చి బిస్కెట్లు తిన్నారు. "ఆడవాళ్ళు కూడా ముందుకు రావాల!" అని జయలక్ష్మమ్మ మైకులో అరిస్తే, వరసగా కూర్చున్న ఆడవాళ్ళు నేల చూపులు చూశారు. గురువమ్మ లేచి నిలబడింది.

"నాది తీసుకోండి."

చిన్నవెంకటమ్మకు అంతకన్నా ఏం కావాలి?

"నీ పాలే వెనక్కి పంపినామే! నీ నెత్తురు ఎక్కించుకున్నోని గతేమి? బోరునీళ్ళు తాగి బతకాల్నా వాడు?"

హాలంతా నవ్వింది. గురువమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి ఎవరైనా జాగ్రత్త పడాలి.

"సరే అక్కా. ఇద్దరమూ పోదాం రా. ముందు పరీక్ష చేస్తారంట. ఎవరిది నీళ్ళో, ఎవరిది నెత్తురో అందరూ చూస్తారు."

నయన పరుగున వచ్చి అత్త మోచెయ్యి పట్టుకుంది. "వద్దత్తా. ఇచ్చేంత నెత్తురు మీకు లేదు."

"చుక్క కావాలంటివే? ఇదో, ఊరి ముందర ఇస్తా ఉండాను. ఏరుకో."

బల్ల దగ్గర చేతికి తొడుగులేసుకున్న కుర్ర టెక్నీషియను ఉన్నాడు. అతని ముందర గాజు గిన్నెలో నీలం నీళ్ళు. చిన్నవెంకటమ్మ వంగి చూసింది. తోటకు తెగులు మందు కొట్టేటప్పుడు కలిపే రంగు.

"మైలుతుత్తం గదప్పా ఇది! నెత్తురు చూస్తావా, మామిడి చెట్టుకు మందు కొడతావా?"

"అదేనమ్మా" అన్నాడతను. "ఇంత గట్టి అని కొలత పెట్టి కలిపిన నీళ్ళు. మంచి నెత్తురు దీనికన్నా బరువుగా ఉంటాది, మునుగుతాది. పలచగా ఉంటే తేలుతాది."

గురువమ్మ వేలు గుచ్చి ఒక చుక్క వదిలాడు. అది సీసపు గుండులా తిన్నగా అడుక్కు పోయి కూర్చుంది. ఇంకో చుక్కతో గ్రూపు కూడా చూసి, "ఓకే, బి పాజిటివ్" అని ఆమెను మంచం దగ్గరికి పంపాడు. గురువమ్మ వెంటనే మంచం ఎక్కలేదు. పక్కనే నిలబడింది.

చిన్నవెంకటమ్మ వేలు చాచింది. సూది గుచ్చితే చుక్క రావడానికే బద్ధకించింది. వచ్చిన చుక్కలో ఎరుపు కన్నా నీరే ఎక్కువ కనబడింది. నీలం నీళ్ళలో పడింది. లోపలికి పోయింది. సగంలో ఆగింది. ఇంట్లో ఏదో మరిచి వచ్చిన మనిషిలా అక్కడే కాసేపు తచ్చాడి, వెనక్కి తిరిగి, మెల్లగా పైకి వచ్చి నీళ్ళ మీద తేలింది.

ముందుగా తేరుకున్నది చిన్నవెంకటమ్మే.

"చూసినారా! తేలింది!" అన్నది అందరివైపూ తిరిగి. "చిక్కటి పాలలో గాజు తేలుతాదా, మునుగుతాదా? చెప్పండే! గురువమ్మది మునిగింది, నాది తేలింది!"

కొందరు ఆడవాళ్ళు అవునవునని తలలూపారు కూడా. పాపం, వాళ్ళ లోకంలో తేలడమే మంచితనం.

"డైరీలో గాజు బరువు మారదు, మారేది పాలమ్మా" అన్నాడు టెక్నీషియను. "ఇక్కడ నీళ్ళు మారవు, మారేది మీ నెత్తురు. చిక్కగా ఉంటే అది మునగాల." ఇంకో వేలు గుచ్చాడు. రెండో చుక్క కూడా పోయినట్టే పోయి తేలింది. అతను లేచి వెళ్ళి శిబిరం డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు.

డాక్టరమ్మ చిన్నవెంకటమ్మ కింది రెప్ప లాగి చూసింది. నాలుక చూసింది. అరచేయి తిప్పి చూసింది. నాడి పట్టుకుని గడియారం వైపు చూస్తూ పెదవి బిగించింది. చిన్న మిషనులో ఇంకో చుక్క వేయించి, వచ్చిన అంకె చూసి తల ఎత్తింది.

"హిమోగ్లోబిన్ అయిదున్నర. ఆడమనిషికి పన్నెండు ఉండాల. ఈమె ఇక్కడికి నడిచి వచ్చిందా?"

"తిట్టుకుంటా వచ్చింది" అన్నాడు ఆంజినప్ప.

"ఈ పొద్దే కోలారు ఆస్పత్రికి తీసుకుపోండి. సాయంత్రం దాకా ఆగొద్దు. ఇంత తక్కువ నెత్తురుతో గుండె చానా దినాల నుంచి పరుగెత్తుతా ఉండాది. ఒక మిట్ట దగ్గర అది నిలిచిపోతాది."

గిరీశ్ మొహంలో రంగు పోయింది. "మిషనులో తొంభై తొమ్మిది వస్తా ఉండె డాక్టరమ్మా..."

"వస్తాది. ఉండేది కొంచెమే అయినా అది నిండుగా ఉండాది. అంతే."

గిరీశ్ పెళ్ళాం వైపు చూశాడు. నయన అతన్ని చూడలేదు. అత్తనే చూస్తోంది.

చిన్నవెంకటమ్మ వేలికున్న దూదిని తీసి పారేసింది. "నేను ఆస్పత్రికి పోయేది లేదు. సాయంత్రం డైరీలో పాలు ఎవరు చూస్తారు? మీ తాతలా? ఈ మైలుతుత్తం నీళ్ళను నమ్మి, ఎవరిదో నెత్తురు ఒంట్లోకి ఎక్కించుకునే ఖర్మ నాకు పట్టలేదు. ఆ గాజు..."

అక్కడ ఆగింది.  

గురువమ్మ అడుగు ముందుకు వేసింది.

"చెప్పక్కా. ఆ గాజు? అబద్ధం చెప్పింది అంటావా?"

నీలం నీళ్ళ గిన్నె వైపు వేలు చూపించింది.

"ఇది కూడా గాజే గదా? దీనికి చుట్టాలు ఉండారా? మొహమాటం ఉండాదా? నా పాలలో నీ గాజు మునిగిన దినం నేనేమంటిని? ఆవు నీళ్ళు తాగింది అంటిని. అబద్ధం. బిందెడు నీళ్ళు నేనే కలిపినాను, నా చేతులతో. ఇంత మందిలో ఒప్పుకుంటా ఉండాను." గురువమ్మ ఒక్కొక్క మాటనూ పాలు కొలిచినట్టు కొలిచి పోసింది. "నువ్వు ఒప్పుకోనంటే సరే, గాజు అబద్ధమే అనుకుందాం. అట్లయితే ఆ దినం నాకు చెప్పింది కూడా అబద్ధమే. రేపు పొద్దున నేను బోరు నీళ్ళే క్యానులో పోసుకుని వస్తాను, నోరు మూసుకుని వేయించుకో."

"నేను కూడా తెస్తాను" అన్నది వెనక నుంచి ఇంకొకతె. ఎవరో కిసుక్కున నవ్వారు.

చిన్నవెంకటమ్మ ఆ గొంతు ఎవరిదో వెతకబోయింది. కండ్ల ముందర హాలు ఒకసారి మసకబారి మళ్ళీ తేటపడింది. ఇన్నేళ్ళుగా ఎవరినీ లెక్కచేయకుండా మాట్లాడిందంటే ఆ గాజు బుడ్డి బలంతోనే. దాన్ని ఒక్కసారి తప్పంటే, రేపు డైరీలో ఆమె మాటకు పిల్లి కూడా తోక ఊపదు. తప్పు కాదంటే, ఈ ఒంట్లో ఉన్నది నీళ్ళే. ఆయాసం సంగతి ఆమె మరిచిపోయింది. చచ్చిపోతానని కూడా కాదు. గురువమ్మ క్యానులో బోరునీళ్ళు పోసుకుని నవ్వుకుంటూ మిట్ట ఎక్కి రావడం కనిపించింది. అది మాత్రం భరించలేకపోయింది.

"ఏమప్పా" అన్నది మొగుడితో. "అట్లా చెట్టు మాదిరి నిలబడితే ఆటో దానంతట అదే వస్తాదా? పిలువు పో!"

ఆంజినప్ప పరుగెత్తాడు.

"గాజు ఎప్పుడూ అబద్ధం చెప్పదు" అన్నది గురువమ్మతో. "నా విషయంలోనైనా, నీ విషయంలోనైనా. బిందెడు కలిపినావా? నేను చెంబుడే అనుకుంటిని. సిగ్గులేనిదానా."

ఆటో కదిలేసరికి హాల్లో గురువమ్మ మంచం ఎక్కి చెయ్యి చాచి పడుకుంది. చిన్నవెంకటమ్మ ఆటోలో నయన భుజానికి తల ఆనించింది. అలవాటు లేని పని కనుక, "నీ భుజం ఎముకలే, ఒక దిండు తెచ్చుకోకూడదా?" అన్నది. నయన ఆమె చెయ్యి పట్టుకుంది. తాలూకా దాటేదాకా చిన్నవెంకటమ్మ ఆ చేతిని వదలలేదు. కోలారు పొలిమేరలో ఆటో గుంతలో పడి లేచినప్పుడు, రోడ్డును తిట్టబోయి, అది మానేసి కోడలి చెవి దగ్గర, "చానా పోతా ఉండాదమ్మా, చానా నెలల నుంచి" అన్నది. నయన డ్రైవరును తొందరపెట్టింది.

కోలారు ఆస్పత్రిలో గర్భసంచిలో గడ్డ ఉందని తేల్చారు. దానికి వైద్యం వేరే, ముందు నెత్తురు అన్నారు. ఆమె గ్రూపు చూసి ఆ రాత్రే ఒక సంచీ ఎక్కించారు. ఒక రోజు ఆగి, మంగళవారం పొద్దున రెండోది తెచ్చి కొక్కేనికి వేలాడదీశారు. చిన్నవెంకటమ్మ పడుకునే దాన్ని పాలు చూసినట్టు చూసింది.

"ఇది ఎవరిదమ్మా?" అని నర్సును అడిగింది.

"ఎవరిదో మాకు తెలియదు. బి పాజిటివ్. మొన్న మీ పక్క ఏదో క్యాంపు జరిగిందంట, అక్కడ కూడా చానా వచ్చినాయి."

చిన్నవెంకటమ్మ కండ్లు మూసుకుంది. తెరిచింది. ట్యూబులో ఎర్రటి చుక్కలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఆపమని చెప్పే నోరు ఆమెకు ఉంది. గుండె మాత్రం ఎన్నో నెలల తర్వాత చెవుల్లో నుంచి దిగి తన చోటుకు పోయింది. కాళ్ళు తనవిలాగే అనిపిస్తున్నాయి.

"చిక్కగానే ఉండాది" అని గొణిగింది. ఆమె నోట ఆ మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు. నర్సు అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

గిరీశ్ సాయంత్రం వచ్చి, అలవాటు కొద్దీ జేబులోంచి క్లిప్పు తీసి తల్లి వేలికి తగిలించాడు. పైన తొంభై తొమ్మిది.

"చచ్చేటప్పుడూ తొంభై తొమ్మిదే, బతికినాకా తొంభై తొమ్మిదే" అన్నది చిన్నవెంకటమ్మ. "దీనికి సిగ్గు శరం ఉండాదా? దేవుని గూట్లో నుంచి తీసి బయట పెట్టు దీన్ని. కిందది చదువు."

"ఎనభై ఎనిమిది."

"నీ పెండ్లాన్ని అడుగు, మంచిదా కాదా అని. నిన్ను అడిగితే మళ్ళా పోతాను."

ఇంటికి వచ్చాక కూడా చాలా రోజులు గడ్డకు ఆస్పత్రి మందులతో పాటు నయన చెప్పిన ఇనుము మాత్రలు మింగింది, ఇనుము ఒంటికి పట్టదన్నందుకు అన్నం మీద టీ తాగడం మానింది, మాత్రలను తిట్టడం మానలేదు. డైరీలో ఆమె లేని రోజుల్లో పాలు చూసినది జయలక్ష్మమ్మ. ఆ రోజుల్లో ఊరి పాలన్నీ పాలలాగే ఉన్నాయని జయలక్ష్మమ్మ ఎంతో గర్వంగా చెప్పింది. చిన్నవెంకటమ్మ విని, "నువ్వు గాజును పాలలో వేసినావా, నీ ఫోటో కింద పెట్టినావా?" అన్నది.

మళ్ళీ పనిలోకి వచ్చిన పొద్దున ఆమె మిట్టను ఒక్క ఊపున ఎక్కింది. హనుమంతప్ప టమోటాల వైపు చూడకుండా వెళ్ళిపోయింది. అతను చేటలో టమోటాలు సర్దుతూ, ఈమెకు ఏమైంది, కోపం వచ్చిందా అని చాలాసేపు ఆలోచించాడు.

వరసలో గురువమ్మ వంతు వచ్చింది. క్యాను ఆమె ముందర పెట్టి, అందరికీ వినబడేలా, "అక్కా, కోలారులో నీకు ఎక్కించింది నాదే అయ్యుంటాది. ఇంగ మనం ఒక్క నెత్తురు" అన్నది. ఆడవాళ్ళు చెవులు నిక్కించారు.

చిన్నవెంకటమ్మ పాలను గిన్నెలో పోసింది. గాజు బుడ్డిని వదిలింది. అది ఊగి, నిలబడీ నిలబడనట్టు నిలబడి, నిలబడవలసిన గీత దాటి కొంచెం కిందికి దిగింది.

ఆమె గురువమ్మ మొహంలోకి చూసింది. ఈసారి గురువమ్మ చూపు తిప్పుకుంది.

"నెత్తురైతే కలపకుండా ఇచ్చినదానివి" అన్నది చిన్నవెంకటమ్మ, క్యానును ఆమె వైపు నెడుతూ, "పాలకు ఏమి రోగమే నీకు?"